పేతురు తీసేసిన నిమిషం

అన్న మహమూద్ కూతురు నాజ్‌కు పెళ్ళి కుదిరిన వారానికి షమ్సున్నీసా జిరాక్సు, దరఖాస్తుల దుకాణంలోకి ఒక బియ్యం సంచి వచ్చింది. అందులో బియ్యం లేవు, తొమ్మిది వీడియో కాసెట్లు ఉన్నాయి. సంచిని కౌంటరు మీద దించి నాజ్ దుపట్టాతో చేతులు తుడుచుకుంది.

"ఫుప్పూ, గివన్నీ డిస్కులల్ల ఎక్కియ్యాలె. ముందుగాల నీ షాదీది."

"డిస్కులు ఎవరు చూస్తున్నరే ఇప్పుడు? పెన్‌డ్రైవ్‌ల వేసిస్త."

"వద్దు, డిస్కే కావాలె. అబ్బా దుకాణంల ఉన్నది డిస్కు ప్లేయరే. అబ్బా నీకు ఇమామ్ జామిన్ కట్టేది నేను ఒక్కసారన్న చూడాలె. గది చూసి ఏడ్వనోళ్ళు లేరంట గద? అమ్మీ ఎప్పుడూ చెప్తనే ఉంటది."

"మీ అమ్మీ ఉల్లిగడ్డ కోసినా ఏడుస్తది, అడుగు" అని షమ్సున్నీసా నవ్వింది.

నవ్వింది గానీ ఆ దృశ్యాన్ని తనూ ఎన్నిసార్లు తలుచుకుందో లెక్క లేదు. అత్తవారింటికి కదిలే వేళ, ప్రయాణంలో దేవుడి కాపుదల ఉండాలని, లోపల ఒక నాణెం పెట్టి కుట్టిన గుడ్డపట్టీని దండచేతికి కడతారు. అదే ఇమామ్ జామిన్. గమ్యం చేరాక నాణేన్ని బీదలకు ఇచ్చేస్తారు. మామూలుగా దాన్ని కట్టేది తల్లి. షమ్సున్నీసాకు అన్న కట్టాడు. మెరూన్ మఖమలు మీద సన్నటి జరీ అంచు ఉన్న పట్టీని మహమూద్ జేబులోంచి తీసి, ముడి సరిగ్గా పడక రెండుసార్లు విప్పి, మూడోసారి ముడి వేసి, తల పక్కకు తిప్పుకున్నాడు. ఆటోలకు, ట్రాక్టర్లకు సీటు కవర్లు కుట్టే మనిషి చెల్లెలి కోసం మఖమలు కుట్టాడని బంధువులు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు.

తండ్రి పోయిన రెండో ఏడు, షమ్సున్నీసాకు ఆరేళ్ళప్పుడు, తల్లి చేగుంటలో మళ్ళీ నికా చేసుకుంది. పిల్లలిద్దరినీ నాన్నమ్మ ఉంచేసుకుంది. అప్పటికి మహమూద్‌కు పదిహేనేళ్ళు. అతడు బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్నాడు, చెల్లెలిని డిగ్రీ దాకా చదివించాడు, పెళ్ళి చేశాడు. తల్లికి పెళ్ళి కబురు పంపామనీ, ఆమె రాలేదనీ షమ్సున్నీసాకు చెప్పినవాడు అతడే. ఆ ఒక్క మాట మీద ఆమె తన జీవితంలో పెద్ద భాగాన్ని కట్టుకుంది. రానిది తల్లి, విడవనిది అన్న. ఈ లెక్కలో ఆమెకు ఎన్నడూ సందేహం కలగలేదు.

వీసీఆర్ కోసం ఆమె పేతురు దగ్గరికి వెళ్ళింది. ఆమె పెళ్ళి వీడియో తీసినవాడు అతడే. ఇప్పుడు చర్చికి వెళ్ళే దారిలో ఫ్లెక్సీలు అచ్చు వేస్తున్నాడు. అటక మీది నుంచి పాత యంత్రాన్ని దించి బిడ్డ వీపు తట్టినట్టు తట్టాడు.

"ముసల్ది చెల్లే. ముక్కుకుంట మూల్గుకుంట నడుస్తది. మధ్యల ఆగితె నెత్తి మీద ఒక్కటియ్యి, మళ్ళ నడుస్తది."

"మా ఆయన గూడ గంతే పేతురన్నా."

"మోహసిన్ భాయ్‌ని గులాబి పువ్వుల నుంచి బయటికి తెచ్చినోన్ని నేనే గద! టైటిల్స్‌ల ఆయన మొఖం పువ్వుల తిరిగి తిరిగి వస్తుంటె హైదరాబాదుల మిక్సింగ్ చేసేటోడు ‘అన్నా, గీయన నీళ్ళకు దూప ఆడినట్టు చూస్తుండేంది’ అన్నడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తీగలు చుట్టి ఇస్తూ ఉండగా ఆమె అంది, "సంచిల మీరు రాసిన మాస్టర్ కాసెట్ గూడ ఉన్నది."

పేతురు చేతిలోని తీగ ఆగింది.

"దాని జోలికి పోకు చెల్లే. బూజు పట్టి ఉంటది, హెడ్డు కరాబైతది. ఎడిటింగ్ చేసింది చాలదా?"

వీసీఆర్ మీద అతని మమకారం అనుకుని ఆమె తల ఊపింది. ఆ రోజుల్లో వీడియోలు తీసేవాళ్ళు ఎడిటింగ్ అయిపోయిన మాస్టరు మీదే ఇంకో పెళ్ళి తీసేవారు. పేతురు మాత్రం అలా చేయలేదు. ఒక మనిషి ముఖం మీద ఇంకో మనిషి ముఖం ఎక్కించడం తన వల్ల కాదని, కెమెరాలోంచి తీసిన కాసెట్‌ను తీసినట్టే పెళ్ళివారికి ఇచ్చేసేవాడు. ఆ నియమానికి ఊళ్ళో అతనికి మంచి పేరుండేది.

ఆదివారం పొద్దున్నే దుకాణం షట్టరు సగం దించి ఆమె పని మొదలుపెట్టింది. వీసీఆర్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు, పసుపు తీగలను ఒక చిన్న పెట్టెకు, ఆ పెట్టెను కంప్యూటరుకు తగిలించింది. కాసెట్ తిరుగుతుంటే బొమ్మ తెర మీద కనిపిస్తుంది, కంప్యూటరు దాన్ని దాచుకుంటుంది. కాగితమైతే ఒక్క మెరుపులో స్కాను అవుతుంది. కాసెట్‌కు అలాంటి దగ్గరి దారి లేదు. మూడు గంటల పెళ్ళి మూడు గంటలూ జరగాల్సిందే.

ఎడిట్ చేసిన కాసెట్ అరగంట సవ్యంగా నడిచింది. గులాబీల్లోంచి మోహసిన్ వచ్చాడు, అతని చూపుకు ఆమె ఒక్కతే నవ్వుకుంది. దీపాల తోరణాలు వేసిన గేటు కనిపించింది, మరుక్షణం గేటు ముందు మర్ఫా డప్పులతో పెళ్ళికొడుకు బారాత్ దిగింది. నికా దగ్గరికి వచ్చేసరికి బొమ్మ అడ్డంగా చిరిగి, తెర నీలంగా మారింది. తీసి చూస్తే టేపు ముడతలు పడి పొరలు అంటుకుపోయి ఉంది. ఇక మాస్టరు తప్ప గతి లేదు. పేతురు మాట గుర్తుంచుకుని, దూదికి స్పిరిట్ అద్ది, కనబడిన మేరకు బూజు తుడిచి లోపలికి తోసింది. అది తిరిగింది. పేతురు భయపడినంత బూజు దాని మీద లేదు.

మాస్టరులో గులాబీలు లేవు, పాటలు లేవు. వంటవాళ్ళ కేకలు, కుర్చీలు ఈడ్చిన చప్పుడు, ఎవరో పిల్లవాడి దగ్గు వినిపించాయి. తెర మూలన తెల్లటి అంకెల్లో తారీఖూ సమయమూ నడుస్తున్నాయి. మే నెల, తొంభై ఎనిమిది, సాయంత్రం ఏడూ నలభై రెండు. కెమెరా స్టాండు మీద నిలబడి గేటు వైపు చూస్తోంది. "ఆగుండ్రి, వైరు ఊడింది" అని పేతురు గొంతు వినిపించి దూరమైంది. ఖాళీ గేటు. ఎక్కడో సన్నగా మర్ఫా డప్పు.

ఒక నల్ల బురఖా గేటు పక్కకు వచ్చి నిలబడింది. లోపలి నుంచి తెల్ల కుర్తాలో ముప్పై ఏళ్ళ మహమూద్ వచ్చాడు. ఆమె ముఖం మీది నఖాబు ఎత్తింది.

షమ్సున్నీసా ఆ ముఖాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఆరేళ్ళ వయసు నాటి జ్ఞాపకం ఏనాడో అరిగిపోయింది. ఆమె గుర్తుపట్టింది రోజూ పొద్దున అద్దంలో చూస్తున్న ముఖాన్ని. తన ఇప్పటి వయసులో ఉన్న తన ముఖమే దీపాల కింద నిలబడి ఉంది.

"లోపలికి రాకు" అన్నాడు మహమూద్.

"రాను బేటా. దూరంగ నిలబడి చూసి పోత."

"నిన్ను చూస్తె అది ఏడుస్తది. బారాత్ వస్తున్నది. పో."

తల్లి ఏదో అంది. డప్పులు దగ్గరవుతున్నాయి. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక పట్టీ తీసింది. మెరూన్ మఖమలు, సన్నటి జరీ అంచు.

"గిదన్న కట్టు. నేనిచ్చిన్నని చెప్పు."

అతడు అందుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆమె నఖాబు దించుకుంది. దించుకున్నాక కూడా అతని భుజం మీదుగా ఇంటి వైపు చూస్తూ ఉండిపోయింది. అతడు పక్కకు జరగలేదు. చివరికి ఆమె కదిలి తెర అంచు దాటింది. పేతురు తిరిగి వచ్చి, "ఆఁ, వచ్చేస్తుండ్రు, వచ్చేస్తుండ్రు" అన్నాడు. తెర మూలన అంకెలు ఏడూ నలభై మూడు చూపిస్తున్నాయి.

ఆమె ఆపలేదు. ఆపడానికి చెయ్యి రాలేదు. నికా జరిగింది, భోజనాలు జరిగాయి. రెండు గంటల తరువాత మహమూద్ జేబులోంచి పట్టీ తీశాడు. రెండుసార్లు విప్పాడు. మూడోసారి ముడి పడింది. అతడు తల పక్కకు తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని ప్రేమ అనుకుంది. ఇప్పుడు చూస్తే అది ప్రేమ కాదని కూడా అనలేకపోయింది. అలా అనలేకపోవడమే ఆమెను ఎక్కువగా గాయపరిచింది.

ఎడిట్ చేసిన కాసెట్‌లో అబద్ధపు బొమ్మ ఒక్కటి కూడా లేదు. గేటు నిజం, బారాత్ నిజం, అన్న కన్నీళ్ళు నిజం. ప్రతి బొమ్మా జరిగినదే. అబద్ధం ఏ బొమ్మలోనూ లేదు. రెండు బొమ్మలను కలిపిన అతుకులో ఉంది. దీపాల గేటు తరువాత వెంటనే బారాత్ రావడంలో ఉంది. అతుకును ఎవరూ చూడరు. చూడకూడదనే దాన్ని అతుకుతారు.

దుకాణం వెనకే ఇల్లు. ఆమె లేచి వెళ్ళి బీరువా తెరిచింది. నాణేన్ని ఆనాడే ఒక ఫకీరుకు ఇచ్చేసింది గానీ గుడ్డను దాచుకుంది. కిటికీ దగ్గర పెట్టి కుట్లు చూసింది. బియ్యపు గింజలో సగం ఉండే చేతికుట్లు అవి. మహమూద్ చేతికి మిషను తప్ప సూది అలవాటు లేదు. చొక్కా గుండీ ఊడినా ఇప్పటికీ భార్యకే ఇస్తాడు. దర్జీ ఇంట్లో పెరిగిన ఆడపిల్ల మిషను కుట్టుకూ చేతికుట్టుకూ తేడాను కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పగలదు. షమ్సున్నీసా ఈ కుట్లను వందసార్లు తడిమింది. తడిమిన ప్రతిసారీ, నా కోసం అన్న మిషను వదిలి సూది పట్టాడని పొంగిపోయింది. సాక్ష్యం చేతిలోనే ఉన్నా, తనకు కావలసిన అర్థాన్నే దాని చేత చెప్పించింది.

అయితే తప్పు తనదేనా? ఆ ప్రశ్న దగ్గర ఆమె చాలాసేపు నిలబడింది. రెండువేల పదిలో చేగుంట నుంచి కూరగాయలు తెచ్చే ఎల్లం దుకాణం ముందు నిలబడి, "మీ అమ్మకు మంచిగ లేదు. నిన్ను యాది చేస్తున్నది, ఒకసారి పోయి రా" అన్నాడు. "నా షాదీకి రాని మనిషి కాడికి నేనెందుకు పోవాలె" అని ఆమె గట్టిగానే అంది, పక్కవాళ్ళు వినేటట్టు. ఎనిమిదో రోజున తల్లి చనిపోయింది. మట్టి ఇచ్చే మయ్యత్‌కు కూడా వెళ్ళలేదు. చేగుంట ఏమీ దేశాంతరం కాదు. బస్సెక్కి ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగకపోవడం తన తప్పు. కానీ అడగనక్కరలేని జవాబును ముందే చేతిలో పెట్టినవాడు ఒకడున్నాడు. తన తప్పు ఎంత పెద్దదైనా అతనిది దానివల్ల చిన్నదైపోదు.

మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక మహమూద్ వచ్చాడు. షట్టరు కింద వంగి లోపలికి వస్తూనే, "అయిందా షమ్సూ? నాజ్ పానం తీస్తున్నది" అన్నాడు.

ఆమె పట్టీని కీబోర్డు మీద పెట్టింది.

"ఇది ఎవరు కుట్టిండ్రు భాయ్?"

అతడు నవ్వబోయాడు. "గిన్నేండ్లకు గిప్పుడు యాదికొచ్చిందా?"

"ఎవరు కుట్టిండ్రు?"

"పాత ముచ్చట. ఇడ్సిపెట్టు. చాయ్ తెప్పియ్యి."

ఆమె ఒక మీట నొక్కింది. తెర ఆమె వైపే తిరిగి ఉంది. స్పీకర్లలోంచి ముప్పై ఏళ్ళ వయసు నాటి అతని గొంతు వచ్చింది. లోపలికి రాకు. ఆ తరువాత ఇంకో గొంతు. మహమూద్ గోడకు ఆనుకున్నాడు. అది పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

"పేతురు దాన్ని తీసేసిన్నని చెప్పిండే" అన్నాడు చివరికి.

అతని నోట వచ్చిన మొదటి మాట అదే. ఆమె దాన్ని జాగ్రత్తగా విన్నది.

"తీసేసిండు. ఎడిటింగ్ చేసిన కాసెట్‌ల తీసేసిండు. మాస్టర్ సంచిలనే ఉండె. నువ్వే పంపినవ్."

అతడు స్టూలు మీద కూర్చున్నాడు. "ఆమె పోయిన్నాడు నేను బస్టాండు దాక ఉరికిన షమ్సూ. బస్సు కిటికీల కూసున్నది. పిలిచిన. ఇటు చూడలే. నువ్వు ఇంట్ల నిద్రపోతున్నవ్. నీకేం తెలుసు? ఆ దినం గేటు కాడ చూసేసరికి నాకు గదే యాదికొచ్చింది."

"గదైతే నీ కోపం. నాకు రాలేదని ఎందుకు చెప్పినవ్?"

"వచ్చిందంటె నువ్వు ఆమె ఎంబడి పోతవనుకున్న."

"పోతుంటి" అందామె. "పోతే ఏమైతుండె?"

అతడు ఈ ప్రశ్నను ఇంతవరకు తనను తాను కూడా అడగనట్టు అరచేతులు చూసుకున్నాడు.

"ఎల్లం కబురు తెచ్చిన్నాడు నేను నీ దుకాణంకొచ్చిన భాయ్. పోవాల్నా వద్దా అని అడిగిన. నువ్వు ‘నీ ఇష్టం’ అన్నవ్. అప్పుడన్న నోరు తెరువకపోతివి. మయ్యత్‌కు గూడ ఇద్దరం పోలే."

మహమూద్ తల ఎత్తలేదు. చాలా మెల్లగా అన్నాడు, "నేను పోయిన."

ఆమెకు అర్థం కాలేదు.

"సరుకు కోసం హైదరాబాదు పోతున్నా అని చెప్పి పోయిన. మట్టిచ్చి వచ్చిన. నీకు చెప్తే గేటు ముచ్చట గూడ చెప్పాల్సొస్తుండె."

గేటు దగ్గరి నిమిషానికి ఆమె ఒక కారణాన్ని ఒప్పుకోగలదు. పదిహేనేళ్ళ పిల్లవాడు బస్సు వెనక పరుగెత్తాడు, ఆ పిల్లవాడే ముప్పై ఏళ్ళ మనిషి లోపలి నుంచి ‘పో’ అన్నాడు. కానీ రెండోది కోపంతో చేసిన పని కాదు. కోపం పోయాక చేసిన పని. తను క్షమించి, మన్ను వేసి, ఏడ్చి, బరువు దించుకుని వచ్చి, చెల్లెలిని ఆ ద్వేషంలోనే కూర్చోబెట్టాడు. పద్నాలుగేళ్ళుగా ఈద్ రోజున ఆమె ఇంట్లో షీర్ ఖుర్మా తాగి, "మన అమ్మీ నా షాదీకన్న రాకపాయె" అని ఆమె అంటుంటే విని, గిన్నె కింద పెట్టాడు.

"నాజ్‌కు ఇచ్చే డిస్కుల గా ముక్క తీసెయ్యి" అన్నాడు. "షాదీ ఇల్లు. పిల్ల ముంగట నా ఇజ్జత్..."

"అప్పుడు పేతురన్న చేత తీపిచ్చినవ్. ఇప్పుడు నన్నే కత్తెర పట్టుమంటున్నవా?"

"నిన్ను సాదిన చేతులు ఇవి. గా ఒక్క నిమిషానికి గివన్నీ మన్నుల కలిపేస్తవా?"

"కలపను. అవి గూడ టేపుల ఉన్నయ్. అన్నీ ఎక్కిచ్చిన."

డ్రైవులోంచి డిస్కు తీసి కవరులో పెట్టి అతని ముందుకు జరిపింది. "ఉన్నది ఉన్నట్టున్నది. నాజ్‌కు ఇస్తవా, విరగ్గొడ్తవా, నీ ఇష్టం. కంప్యూటర్ల ఒకటి ఉంటది. నాజ్ నన్ను అడిగితె మాత్రం లేదని చెప్పను."

అతడు కవరు అందుకున్నాడు. తెర వైపు వంగి, "ఒక్కసారి ఆమె మొఖం చూపియ్యి" అన్నాడు.

"నువ్వు చూసినవ్ భాయ్. రెండుసార్లు చూసినవ్. నేను చూసింది ఇయ్యాల్నే."

ఆమె తెరను ఆర్పేసింది. ఆర్పేశాక, ఇంతసేపూ తనలో తిరుగుతున్న అవసరం ఏదో ఆమెకు స్పష్టమైంది. పశ్చాత్తాపం కాదు, వివరణ కాదు, అతని నుంచి ఆమెకు కావలసింది ఒక్కటే ఉంది. దాన్ని ఇవ్వగలవాడు కూడా అతడొక్కడే. చేగుంటలో తల్లి రెండో భర్త ఆమెకంటే ముందే పోయాడు. పిల్లలు లేరు. ఎల్లం కూడా పోయాడు.

"అమ్మీ ఖబర్ ఎక్కడ ఉన్నది?"

"నేను తోల్కపోత. రేపు పొద్దుగాల్నే..."

"నువ్వు రాకు. చెప్పు చాలు."

మహమూద్ చెప్పడం మొదలుపెట్టాడు. రైల్వే స్టేషను దారిలో కుడి పక్క ఖబ్రస్తాన్. గేటు దాటినంక బోరింగు. బోరింగు నుంచి నేరుగా పోతే వేపచెట్టు. దాని కింద నుంచి మూడో వరుస, గోడ దిక్కు రెండోది. రాయి లేదు, పేరు లేదు. మట్టి కుప్ప, తలాపున ఒక ఇటుక.

ఆమె ప్రింటరులోంచి ఒక తెల్లకాగితం లాగి, అతడు చెప్పింది చెప్పినట్టే రాసుకుంది. దరఖాస్తు నింపేటప్పుడు ఎదుటివారిని అడిగినట్టే మళ్ళీ అడిగింది.

"మూడో వరుస?"

"మూడోదే."

"గోడ దిక్కు నుంచి రెండోదా, చెట్టు దిక్కు నుంచా?"

అతడు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "గోడ దిక్కు నుంచి" అన్నాడు. ఆ తరువాత అన్నాడు, "గట్లనే యాది."

షట్టరు కింద వంగి అతడు వెళ్ళిపోయాడు. షమ్సున్నీసా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. రేపు పొద్దున్న మొదటి బస్సుకు చేగుంట వెళుతుంది. బోరింగు దాటి, చెట్టు దాటి, అతడు చెప్పిన మట్టి ముందు నిలబడుతుంది. అది తన తల్లిదే అనడానికి ఆమె దగ్గర ఆ మనిషి మాట తప్ప ఇంకే ఆధారమూ ఉండదు.